సూపర్‌మ్యాన్ పంటచేనులోకి వచ్చిన సినిమా

 

ఈ పూట మీతో ఒక సినిమా గురించి మాట్లాడతాను. ఆ సినిమా బొమ్మలతో అచ్చువేసిన చిన్న చిన్న అట్టముక్కల గురించి కూడా మాట్లాడతాను. సినిమా పేరు సూపర్‌మ్యాన్ త్రీ. సూపర్‌మ్యాన్ మూడో భాగం. 1983లో వచ్చింది. క్రిస్టఫర్ రీవ్ అనే నటుడు సూపర్‌మ్యాన్ వేషం కట్టిన నాలుగు సినిమాల్లో ఇది మూడోది. మొదటిది అందరికీ గుర్తుంది. రెండోదాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటారు. మూడోదాన్ని మాత్రం విమర్శకులు తీసిపారేశారు. హాస్యం ఎక్కువైందన్నారు. ప్రేక్షకులు కూడా ముందు వాటికి వచ్చినంత మంది రాలేదు. సూపర్‌హీరో సినిమాల ముచ్చట వచ్చినప్పుడు దాని పేరు ఎత్తేవాళ్లు తక్కువ.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆ నాలుగు సినిమాల్లో మనలాంటి ఊళ్లకు, అంటే వరి వేసి, చెరకు వేసి బతికిన ఊళ్లకు, అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఈ మూడోదే. మన రుద్రూరులో కూర్చుని చూస్తే ఆ సినిమా వేరేగా కనిపిస్తుంది. న్యూయార్కులో కూర్చుని దాన్ని కొట్టిపారేసినవాళ్లకు కనిపించనిది మనకు కనిపిస్తుంది.

ఎట్లా అంటారా? వినండి.

సూపర్‌మ్యాన్ అనగానే మన కళ్ల ముందుకు ఏం వస్తుంది? ఆకాశాన్ని అంటే మేడలు, పెద్ద పట్నం, పత్రికాఫీసు. మొదటి రెండు సినిమాలు ఎక్కువగా ఆ పట్నం చుట్టూనే తిరుగుతాయి. మూడో సినిమాలో హీరో తన ఊరికి తిరిగి వస్తాడు. ఆ ఊరి పేరు స్మాల్‌విల్. పంటపొలాల మధ్య ఊరు. తనతో చదువుకున్నవాళ్లంతా బడిలో కలుసుకుంటున్నారంటే వస్తాడు. మన దగ్గర పదో తరగతి బ్యాచ్‌వాళ్లు ఏళ్ల తర్వాత అదే బడిలో కలుసుకుని ఫొటోలు దిగుతున్నారు కదా, అట్లాంటి కలయికే. అక్కడ అతనికి లానా అనే పాత స్నేహితురాలు కనిపిస్తుంది. భర్త లేడు. ఒక్కతే కొడుకును పెంచుకుంటోంది. ఆ పిల్లవాడి పేరు రికీ. బంతి దొర్లించి కర్రలు పడగొట్టే ఆటలో తోటి పిల్లలు వాడిని వెక్కిరిస్తుంటే, పక్కన నిలబడ్డ హీరో ఒక్క తుమ్ము తుమ్ముతాడు. ఆ తుమ్ముకు కర్రలన్నీ పడిపోయి పిల్లవాడు గెలుస్తాడు. ఎంత శక్తి ఉన్నవాడు ఎంత చిన్న పని చేశాడో చూడండి. ఒక పిల్లవాడి పరువు నిలబెట్టాడు. నాకు ఆ సినిమాలో బాగా నచ్చిన ఘట్టాల్లో ఇదొకటి.

ఇక పొలం ఘట్టం. దీన్ని కొంచెం నెమ్మదిగా చెబుతాను. గోధుమ చేను కోతకు వచ్చింది. కోత మిషన్లు చేనులోకి దిగాయి. రికీ తన కుక్కను వెతుక్కుంటూ చేనులోకి వెళ్తాడు. కాలు తట్టుకుని పడతాడు. తలకు రాయి తగిలి స్పృహ తప్పుతుంది. గోధుమ పైరు నడుము ఎత్తు ఉంది. మిషను మీద ఉన్నవాడికి పిల్లవాడు కనిపించడు. మిషను కోసుకుంటూ వస్తూనే ఉంది.

శ్రోతలారా, ఈ ఘట్టాన్ని పట్నంలో చూసినవాడికి అదొక ఉత్కంఠ, అంతే. మనకు అట్లా కాదు. వర్ని, రుద్రూరు, కోటగిరి, బోధన్ వైపు యాసంగి కోతలప్పుడు హార్వెస్టర్లు ఎట్లా తిరుగుతాయో మనకు తెలుసు. మిషను వచ్చిందంటే పిల్లలు ఎట్లా పరుగెత్తుతారో తెలుసు. పైరులో మనిషి పడుకుంటే గట్టు మీద నుంచి కనిపించడని తెలుసు. ఆ ఘట్టంలో హీరో వచ్చి మిషనుకు తన ఒంటిని అడ్డం పెట్టి ఆపుతాడు. మన చేలల్లో అట్లా అడ్డం పడేవాడు ఎవరూ రాడు. కాబట్టి తల్లిదండ్రులకు ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. మిషను చేనులో ఉన్నంతసేపూ పిల్లలను గట్టు దాటి లోపలికి పోనివ్వకండి.

ఆ పొలాలు తీసింది అమెరికాలో కూడా కాదు. కెనడా దేశంలో అల్బెర్టా అనే రాష్ట్రం ఉంది. గోధుమ పండే నేల. అక్కడ హై రివర్ అనే చిన్న ఊరిని స్మాల్‌విల్‌గా చూపించారు. అంటే తెర మీద మనం చూసింది నిజమైన రైతుల ఊరే.

ఇప్పుడు విలన్ దగ్గరికి వద్దాం. ఈ సినిమాలో విలన్ వేరే గ్రహం నుంచి దిగినవాడు కాదు. పెద్ద వ్యాపారి. పేరు రాస్ వెబ్‌స్టర్. అతని ఆశ ఏమిటో తెలుసా? ప్రపంచంలో కాఫీ వ్యాపారం మొత్తం తన చేతిలోకి రావాలి. కొలంబియా అనే దేశం అతని మాట వినడం లేదు. ఏం చేస్తాడు? ఆకాశంలో తిరిగే ఉపగ్రహాన్ని వశం చేసుకుని, దాని సాయంతో తుఫాను పుట్టించి, ఆ దేశపు కాఫీ తోటలను ముంచేయాలని చూస్తాడు. పంట పోతే రైతు దారికి వస్తాడన్నది అతని లెక్క.

మళ్లీ చెబుతున్నాను. ఈ సినిమాలో విలన్ బాంబు పెట్టేది పట్నానికి కాదు. అతని కన్ను పంట మీద ఉంది. ఒక పంట ధర ఒక్కడి చేతిలోకి పోతే ఏమవుతుందన్నదే అక్కడి భయం. సూపర్‌హీరో సినిమాలు చాలానే వచ్చాయి. రైతు పంటను కాపాడటం కోసం హీరో ఆకాశంలో కొట్లాడిన సినిమా ఎన్ని ఉన్నాయి? నాకు తోచినంతలో చాలా తక్కువ.

మన సంగతి చూడండి. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చాయి. ఆ నీళ్ల మీద చెరకు వచ్చింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. రుద్రూరులో చెరకు, వరి మీద పరిశోధన చేసే కేంద్రం ఉంది. చెరకు బండ్లు బారులు తీరిన రోజులు మన పెద్దవాళ్లకు తెలుసు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఒక పంట, ఒక ఫ్యాక్టరీ, వాటి మీద ఆధారపడ్డ ఊళ్లు. ఒకటి కదిలితే అన్నీ కదులుతాయి. కాఫీ తోటల మీద కన్నువేసిన విలన్ కథ మనకు అర్థమైనంతగా ఇంకెవరికి అర్థమవుతుంది?

ఇంకో ముచ్చట ఉంది ఆ సినిమాలో. గస్ గోర్మన్ అనే మనిషి. ఆ పాత్ర వేసింది రిచర్డ్ ప్రయర్ అనే గొప్ప హాస్యనటుడు. గస్‌కు పని దొరకదు. కంప్యూటర్ నేర్చుకుంటాడు. 1983 అని గుర్తుంచుకోండి. కంప్యూటర్ అంటే ఏమిటో మన దగ్గర చాలా మందికి తెలియని రోజులు. ఒక పెద్ద కంపెనీలో జీతాల లెక్కల దగ్గర చేరతాడు. ప్రతివాళ్ల జీతంలోనూ లెక్క తేలాక అర పైసలాంటి ముక్క ఒకటి మిగిలిపోతుంది. అది ఎవరికీ ఇవ్వరు, ఎవరూ అడగరు. గస్ ఆ ముక్కలన్నీ తన ఖాతాలోకి మళ్లిస్తాడు. మరుసటి జీతం చెక్కు చూసుకుంటే ఎనభై అయిదు వేల డాలర్లు దాటింది!

ఇది విన్న రైతుకు వేరే వివరణ అక్కర్లేదు. బస్తాకు ఇంత తరుగు అని తీస్తారు చూడండి, అదే లెక్క. ఒక బస్తా మీద చూస్తే పెద్దగా కనిపించదు. ఊరంతటి బస్తాల మీద చూస్తే అదొక కుప్ప. చిన్న ముక్కను ఎవరూ అడగరన్న ధీమా మీదే ఆ దొంగతనం నడుస్తుంది. గస్ మీద మనకు కోపం రాదు, అతను అమాయకుడు. కానీ ఆ తెలివిని కనిపెట్టి, అతన్ని బెదిరించి వాడుకున్నవాడు ఆ వ్యాపారి వెబ్‌స్టరే. సినిమాను మరచిపోయినా ఈ అర పైసల ఉపాయాన్ని మాత్రం జనం మరచిపోలేదు. 1999లో వచ్చిన ఆఫీస్ స్పేస్ అనే సినిమాలో ఉద్యోగులు ఇదే ఉపాయం చేస్తూ, ఇది సూపర్‌మ్యాన్ త్రీ నుంచి వచ్చిందని చెప్పుకుంటారు.

ఇక అన్నిటికన్నా గొప్ప ఘట్టం. సూపర్‌మ్యాన్‌ను చంపే రాయి ఒకటి ఉంది, క్రిప్టోనైట్. దాన్ని తయారు చేయమని గస్‌కు చెబుతారు. అందులో ఒక పదార్థం ఏమిటో కంప్యూటర్‌కు తెలియదు. గస్ చేతిలో సిగరెట్ పెట్టె ఉంటుంది. దాని మీద తారు అని రాసి ఉంటుంది. సరే, తారు వేసేయండి అంటాడు. ఆ కల్తీ రాయి సూపర్‌మ్యాన్‌ను చంపదు. కానీ అతని బుద్ధిని పాడు చేస్తుంది. మంచివాడు చిరాకుగా తయారవుతాడు. బట్టలు మాస్తాయి. గడ్డం పెరుగుతుంది. తాగుతాడు. పిలిస్తే రాడు. ఒంగి ఉన్న పీసా గోపురాన్ని ఊరికే నిటారుగా నిలబెట్టి పోతాడు. అప్పుడు చిన్నపిల్లవాడు రికీ నడిరోడ్డు మీద నిలబడి అతనికి ధైర్యం చెబుతాడు, నువ్వు మళ్లీ మంచివాడివి అవుతావని అరుస్తాడు. ఆ మాట చెవిన పడి హీరో పాత ఇనుప సామాను కుప్పల మధ్య దిగుతాడు. అక్కడ ఇద్దరుగా చీలిపోతాడు. ఒకడు చెడ్డ సూపర్‌మ్యాన్. ఇంకొకడు కళ్లద్దాలు పెట్టుకున్న మామూలు మనిషి. ఇద్దరూ కొట్లాడతారు. కొసకు గెలిచేది ఆ మామూలు మనిషి.

రెండు వేషాలూ క్రిస్టఫర్ రీవ్‌వే. నిలబడే తీరు మారుతుంది, కళ్లు మారుతాయి. అతను ఎంత మంచి నటుడో తెలియాలంటే ఈ ఒక్క ఘట్టం చాలు. ద్విపాత్రాభినయాలను దగ్గరగా చూసి, ఇది బాగుంది, ఇది బాగాలేదని తేల్చడం మన ప్రేక్షకులకు ఎన్.టి.రామారావు కాలం నుంచీ వచ్చిన విద్య. ఆ కొలతతో చూసినా రీవ్ నిలుస్తాడు.

రామారావు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మన తెలుగులో 1980లోనే ఆయన సూపర్‌మ్యాన్‌గా వచ్చారు. వి.మధుసూదనరావు దర్శకుడు, జయప్రద నాయిక, చక్రవర్తి సంగీతం. ఆ కథలో హీరోకు శక్తి వేరే గ్రహం నుంచి రాదు. ఆంజనేయుడు ఇస్తాడు. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ హను-మాన్ తీస్తే అందులోనూ ఆంజనేయుడే, అందులోనూ అంజనాద్రి అనే చిన్న ఊరే. తెలుగువాళ్లు సూపర్‌హీరోను ఊరి గుడి దగ్గర నిలబెట్టారు. అమెరికావాళ్లు మూడో భాగంలో అతన్ని చాలాసేపు ఊళ్లో ఉంచారు. దాన్నేమో చిన్నచూపు చూశారు.

ఇప్పుడు అట్టముక్కల సంగతి.

పందొమ్మిదో శతాబ్దంలో సిగరెట్ పెట్టె నలగకుండా లోపల ఒక అట్ట పెట్టేవాళ్లు. ఖాళీ అట్ట ఎందుకని దాని మీద నటీమణుల బొమ్మలు, ఆటగాళ్ల బొమ్మలు వేశారు. జనం ఆ బొమ్మలు దాచుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఆ పని చూయింగ్ గమ్ కంపెనీల చేతికి వచ్చింది. వాటిలో పెద్ద పేరు టాప్స్. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో 1938లో మొదలైంది. సూపర్‌మ్యాన్ మొదటిసారి కామిక్ పుస్తకంలో కనిపించింది కూడా 1938లోనే. మన బోధన్ ఫ్యాక్టరీకి వీళ్లిద్దరూ ఒక్క ఏడాది చిన్న.

సూపర్‌మ్యాన్ త్రీ వచ్చిన 1983లోనే టాప్స్ దాని కార్డులు వేసింది. మొత్తం 99 కార్డులు, వాటితోపాటు 22 స్టిక్కర్లు. మైనపు కాగితంతో చుట్టిన చిన్న పొట్లం. లోపల కొన్ని కార్డులు, ఒక స్టిక్కర్, ఒక పలచటి గమ్ పలక. పొట్లం విప్పేదాకా ఏ బొమ్మ వచ్చిందో తెలియదు. అసలు సరదా అక్కడే ఉంది. వచ్చిందే మళ్లీ వస్తుంది. దాన్ని పట్టుకుని స్నేహితుడి దగ్గరికి పోవాలి. ఇది తీసుకో, అది ఇవ్వు. బేరం ఆడాలి, ఒప్పించాలి, అలిగితే మళ్లీ కలవాలి. ఆ గమ్ పలక కార్డుకు అంటుకుని మరక పడేది. ఇప్పటికీ పాత పొట్లం విప్పితే గమ్ తగిలిన కార్డు మీద ఆ మరక ఉంటుంది.

మా ఊరి నుంచి అమెరికా వెళ్లిన ఒక అబ్బాయి సెలవుల్లో వచ్చినప్పుడు ఈ కార్డులు తెచ్చి నాకు చూపించాడు. అక్కడ పాత సామాను అమ్మేచోట చాలా తక్కువ ధరకు దొరికాయట. ఎందుకు తక్కువ? సినిమాకు పేరు లేదు. కార్డులు బోలెడు అచ్చయ్యాయి. వెతికేవాళ్లు తక్కువ. అంతే కారణం. ఆ బొమ్మలను మేం నేల మీద వరసగా పరిచాం. నంబర్ల ప్రకారం పేర్చితే సినిమా కథ నడుస్తుంది. నంబర్లు పట్టించుకోకుండా పేర్చితే ఇంకో కథ అవుతుంది. పక్కింటి పిల్లలు వచ్చారు. వాళ్లకు ఆ సినిమా తెలియదు. విమర్శకులు ఏమన్నారో అసలే తెలియదు. బొమ్మలు చూసి తమకు తోచిన కథ చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఈ కార్డుల గొప్పతనం నాకు అప్పుడు తెలిసింది. సినిమా తెర మీద ఉన్నంతసేపూ తీసినవాళ్ల చేతిలో ఉంటుంది. కార్డు రూపంలో వచ్చాక పిల్లల చేతిలో ఉంటుంది.

ఆ రోజుల్లో సినిమాను మళ్లీ చూడాలంటే మళ్లీ టికెట్టు కొనాలి. మామూలు ఇళ్లల్లో వీడియో లేదు. చూసిన సినిమాను ఇంటికి తెచ్చుకునే దారి పిల్లలకు ఈ అట్టముక్కే.

అప్పట్లో మన పిల్లలకు టాప్స్ కార్డులు రాలేదు. అయితే మన దగ్గర ఏమీ లేదా? ఎందుకు లేదు! అగ్గిపెట్టెల పత్తాలు లేవా? శివకాశిలో అచ్చయిన ఆ బొమ్మలు మన వీధుల్లో డబ్బుల్లా చెలామణి అయ్యాయి. దొరకని బొమ్మకు విలువ ఎక్కువ, దొరికే బొమ్మకు తక్కువ. సినిమా హాలు దగ్గర పాటల పుస్తకం లేదా? అందులో కథ సగం చెప్పి మిగతాది వెండితెర మీద చూడమనేవాళ్లు. తర్వాత బిగ్ ఫన్ బబుల్ గమ్‌లో క్రికెట్ ఆటగాళ్ల కార్డులు వచ్చాయి, ఒక్కో కార్డు మీద ఇన్ని పరుగులని ఉండేది. ఆ తర్వాత కుస్తీ వీరుల ట్రంప్ కార్డులు వచ్చాయి. ఎవడి ఎత్తు ఎంత, బరువు ఎంత అని పిల్లలు ఎక్కాల కంటే ముందు అవి బట్టీపట్టారు.

అన్నిటికన్నా అందమైనది ఫిలిం ముక్కల ఆట. ఆపరేటర్ తెగ్గొట్టి పారేసిన రీలు ముక్కలు పిల్లలు ఏరుకొచ్చేవాళ్లు. కాలిపోయిన బల్బు వెనక భాగం జాగ్రత్తగా తీసేసి అందులో నీళ్లు నింపేవాళ్లు. ఒకడు ఎండలో అద్దం పట్టుకుని వెలుతురును చీకటి గదిలోకి మళ్లించేవాడు. ఆ వెలుతురుకు అడ్డంగా ఫిలిం ముక్క, దాని ముందు నీళ్ల బల్బు. ఎదురుగా తెల్లటి పంచె. పంచె మీద హీరో నిలబడేవాడు. కదలడు, మాట్లాడడు. పిల్లలే డైలాగులు చెప్పేవాళ్లు, పిల్లలే పాట పాడేవాళ్లు. అమెరికా పిల్లలు నేల మీద పరుచుకున్న 99 కార్డులకూ, మన పిల్లలు పంచె మీద చూసిన ఒక్క ముక్కకూ ఆనందంలో తేడా లేదు.

అమెరికాలో మాత్రం ఎవరో ఒకరు వాటిని దాచారు. నలభై ఏళ్లు గడిచినా, పేరు పోయిన సినిమా కార్డులు సైతం నంబరు తప్పకుండా దొరుకుతున్నాయి. మన అగ్గిపెట్టె పత్తాలు, పాటల పుస్తకాలు, రీలు ముక్కలు ఏవి? దసరాకు ఇల్లు దులిపినప్పుడు కొన్ని పోయాయి. పాత పెంకుటిల్లు తీసి డాబా కట్టినప్పుడు మరికొన్ని పోయాయి. చెదలు తిన్నవి తిన్నాయి. చిత్తుకాగితాల బండిలో పోయినవి పోయాయి.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. ఈ మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈసారి అటక దులిపేటప్పుడు పాత పెట్టెలో కాగితాలు కనిపిస్తే పొయ్యిలో వేయకండి. సినిమా పాటల పుస్తకం కావచ్చు, హాలు టికెట్టు ముక్క కావచ్చు, పిల్లలు దాచుకున్న బొమ్మలు కావచ్చు. మీ తాత ఫ్యాక్టరీకి చెరకు తోలినప్పటి రసీదు కావచ్చు. ఇవన్నీ మన ఊళ్లు ఎట్లా బతికాయో, ఏం చూసి మురిశాయో చెప్పే కాగితాలే. మడత విప్పి చదునుగా పెట్టండి. రబ్బరు బ్యాండు వేయకండి, అది కరిగి అంటుకుంటుంది. గమ్ టేపు అసలే అంటించకండి. చెమ్మ తగలని డబ్బాలో పెట్టండి. వెనక వైపు పెన్సిల్‌తో, పెన్సిల్‌తోనే, మెల్లగా రాయండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరిది. ఈ మూడు మాటలు చాలు.

పిల్లలూ, మీకు కూడా ఒక పని చెబుతాను. రేపు ఆదివారం మీ తాత దగ్గరో, మేనమామ దగ్గరో కూర్చుని, చిన్నప్పుడు మీరు ఏ బొమ్మలు దాచుకున్నారని అడగండి. చెప్పింది నోట్‌బుక్కులో రాసుకోండి. వీలు దొరికినప్పుడు సూపర్‌మ్యాన్ త్రీ చూడండి. పెద్దవాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. కోత మిషను ఘట్టం రాగానే వాళ్ల ముఖం వైపు చూడండి.